కుటుంబంతో విదేశంలో హాఫ్ మారథాన్: ఊరు చూడటం రేసుకు ముందా, తర్వాతా?

నెమ్మది పరుగు (ప్రశ్న)

ఇక్కడ బయటి దేశాలకు వెళ్లి పరిగెత్తి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. ఇప్పటిదాకా నాలుగు హాఫ్‌లు చేశాను, నాలుగూ పొద్దున్నే సొంత మంచం మీద లేచి వెళ్లి చేసినవే. ఈసారి పోర్చుగల్‌లోని లిస్బన్‌లో మార్చిలో జరిగే హాఫ్‌కి రిజిస్టర్ చేసేశాను. ఒక్కదాన్నే వెళ్తే ఏ గొడవా లేదు, కానీ మా ఆయన, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తగారు అందరూ వస్తున్నారు. మొత్తం 10 రోజులు సెలవు దొరికింది. మా దగ్గరి టైముతో పోలిస్తే అక్కడ ఐదు గంటల పైనే వెనక.

రేసు తేదీ మన చేతిలో లేదు కదా, కాబట్టి ఈ 10 రోజుల్ని దానికి ముందు ఎక్కువ పెట్టుకోవాలా, తర్వాతా అన్నది తేలడం లేదు. మా ఆయనేమో వారం ముందే వెళ్దాం, ఒంటికి ఆ టైము అలవాటవుతుంది అంటారు. వారం రోజులు పిల్లలతో ఊరంతా తిరిగాక 21 కిలోమీటర్లు పరిగెత్తడానికి నాకు కాళ్లు మిగులుతాయా అని నా భయం. 2 గంటల 20 నిమిషాల్లో పూర్తయితే చాలు, రికార్డులేమీ బద్దలు కొట్టేది లేదు. కాకపోతే ఇంత దూరం వెళ్లి చివర్లో కుంటుకుంటూ నడవడం మాత్రం ఇష్టం లేదు.

ఇంకొకటి, నేను పరిగెత్తే ఆ మూడు నాలుగు గంటలు వీళ్లు నలుగురూ ఏం చేస్తారు? అత్తగారు ఎక్కువసేపు నిలబడలేరు.

పిక్కబలం

ముందు మూడు నాలుగు రోజులు, మిగతాదంతా రేసు తర్వాత. ఇందులో రెండో మాట లేదు.

సాధారణంగా గంట తేడాకి ఒక రోజు చొప్పున ఒళ్లు సర్దుకుంటుందని లెక్క వేస్తారు, కానీ పడమరకు వెళ్లేవాళ్లకు అంత ఇబ్బంది ఉండదు. తూర్పుకు వెళ్తే రేసు మొదలయ్యే టైముకి ఒంటికి ఇంకా అర్ధరాత్రే అన్నట్టుంటుంది. మీరు పడమరకు వెళ్తున్నారు కాబట్టి మొదటి రోజుల్లో తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది, రేసు రోజు పొద్దున అది వరమే. వారం ముందు వెళ్తే ఆ లాభం కూడా పోతుంది.

అసలు దెబ్బ కొట్టేది జెట్ లాగ్ కాదు, నడక. నా మొదటి విదేశీ హాఫ్‌కి ముందు రోజు పిల్లల్ని తీసుకుని ఒక మ్యూజియంకి వెళ్లాం, 'అక్కడ కాసేపే కదా' అనుకున్నాను. రాత్రి ఫోన్ చూస్తే 23 వేల అడుగులు. మ్యూజియంలో నడక మామూలు నడక కాదు, రెండడుగులు వేసి ఆగడం, మళ్లీ రెండడుగులు వేసి ఆగడం, దాంతో నడుమూ పిక్కలూ పట్టేస్తాయి. మర్నాడు 14వ కిలోమీటరు దగ్గర కాళ్లు మొద్దుబారిపోయాయి, అక్కడి నుంచి నడకే. పైగా లిస్బన్ అంతా ఎత్తుపల్లాలు. ముందు రోజు పిల్లల్ని మీ ఆయనకు అప్పజెప్పి గదిలో కాళ్లు చాపుకుని పడుకోండి, ఏమనుకున్నా సరే.

షూ మాత్రం చెక్-ఇన్ బ్యాగులో వేయకండి. కాళ్లకు తొడుక్కుని వెళ్లండి, లేదంటే చేతి బ్యాగులో. పరుగు బట్టలు కూడా అందులోనే. తప్పిపోయిన బ్యాగు రెండు రోజులకు దొరికినా రేసు మన కోసం ఆగదు కదా, కొత్త షూతో 21 కిలోమీటర్లంటే బొబ్బలే బొబ్బలు. ఎనర్జీ జెల్‌లు (పరుగు మధ్యలో శక్తి కోసం మింగే చిక్కటి తీపి ప్యాకెట్లు) మాత్రం విమానంలో ద్రవాల కిందే లెక్క. చేతి బ్యాగులో ఉంటే 100 మిల్లీలీటర్ల నియమం వాటికీ వర్తిస్తుంది, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచీలో పట్టాలి. ఎక్కువ ఉంటే మిగిలినవి చెక్-ఇన్‌లో వేసేయండి.

వీసా సంగతి చూశారా? షెంగెన్‌కి (పోర్చుగల్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఐదుగురికి అపాయింట్‌మెంట్ ఒకే రోజు దొరకడం తల ప్రాణం తోకకొచ్చే పని, ముందే మొదలుపెట్టండి.

గేటు బయట నిలబడేవాడు

నేను పరిగెత్తను. మా ఆవిడ పరిగెత్తుతుంది, నేను సంచులు మోస్తాను, కాబట్టి మీ రెండో ప్రశ్నకు నేను చెప్తాను.

లిస్బన్‌కి మేము వెళ్లాం. రేసు 25 ద అబ్రిల్ వంతెన మీద మొదలవుతుంది, నదికి అవతలి ఒడ్డున. రన్నర్లు రైల్లో నది దాటి ప్రగాల్ స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి స్టార్ట్ దాకా నడుస్తారు. తమాషా ఏమిటంటే రైలు వెళ్లేది కూడా అదే వంతెన కింది అంతస్తులో. మనం అక్కడికి వెళ్లి చేసేదేమీ లేదు, పిల్లల్ని ఆ రద్దీ రైలెక్కించే ఆలోచన పెట్టుకోవద్దు. వంతెన మీద కొన్ని లేన్లు ఇనుప జాలీతో ఉంటాయి, కిందికి చూస్తే నీళ్లు కనబడతాయట, మా ఆవిడ ఇప్పటికీ రేసు కన్నా దాని గురించే ఎక్కువ చెప్తుంది. స్టార్ట్ దగ్గర చాలాసేపు గాలిలో నిలబడాలి, పారేయడానికి పాత స్వెటర్ ఒకటి తీసుకెళ్లండి.

మేము తిన్నగా ఫినిష్ ఉండే బెలెంకి వెళ్లిపోయాం, జెరోనిమోస్ మఠం దగ్గర. పిల్లలకు పరిగెత్తడానికి బోలెడంత ఖాళీ స్థలం, మీ అత్తగారికి కూర్చోవడానికి బల్లలు. రూటు నది వెంబడి వెళ్లి వెనక్కి తిరుగుతుంది కాబట్టి సరైన చోట నిలబడితే రెండుసార్లు చూడొచ్చు. ఆ ఏడాది మ్యాప్ చూసుకుని చోటు ఎంచుకోండి, రూటు మారుతూ ఉంటుంది.

ఇక రన్నర్ ఎక్కడున్నారో చూపించే రేసు ఫోన్ యాప్‌లో కనబడే చుక్కను నమ్మకండి. అది చాలావరకు జీపీఎస్ కాదు. బిబ్‌లో (రన్నర్ ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) ఉండే చిప్ దారిలో అక్కడక్కడా పరిచిన మ్యాట్ దాటినప్పుడే అసలు టైము నమోదవుతుంది, మధ్యలో చుక్క కదిలేదంతా అంచనా. మా ఆవిడ రావడానికి ఇంకా 6 నిమిషాలు ఉందని చూపిస్తోంది కదా అని నేను వంగి చిన్నవాడి ముక్కు తుడుస్తున్నాను. పెద్దది 'అమ్మ! అమ్మ!' అని అరిచింది. తలెత్తేసరికి వీపు కనబడింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ మాట మూడుసార్లు వచ్చింది. కాబట్టి మీరు వచ్చే టైము కన్నా 10 నిమిషాల ముందు నుంచే కంచె దగ్గర ఉండమని మీ ఆయనకు చెప్పండి.

ఫినిష్ దాటాక రన్నర్లను ఒక దారిలో పోనిస్తారు, మనల్ని లోపలికి రానివ్వరు. ఎక్కడ కలవాలో ముందు రోజే ఆ చోటుకు వెళ్లి వేలు పెట్టి చూపించుకోండి. ఫోన్ చేసుకుందాంలే అనుకుంటే అంతమంది మధ్య సిగ్నల్ దొరకదు, మేము ముప్పావుగంట వెతుక్కున్నాం.

అలారం

రెండు చిన్న విషయాలు. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. నా రేసు సరిగ్గా ఆ ఆదివారమే పడింది, వేరే ఊళ్లో లెండి. ఫోన్ దానంతటదే మారి సరిగ్గానే మోగింది. కానీ గదిలో గోడ గడియారం గంట వెనక చూపిస్తుంటే 'అబ్బ, ఇంకా గంట ఉంది' అనుకుని మళ్లీ పడుకున్నాను. మా అమ్మాయి లేపకపోతే అంతే సంగతులు. మీది ముందు ఆదివారాల్లో అయితే రేసుకి భయం లేదు, తిరుగు విమానం ఆ రోజుల్లో ఉంటే మాత్రం చూసుకోండి.

ప్రయాణ ఇన్సూరెన్స్ కాగితంలో 'పోటీ క్రీడలు' అన్న మాట వెతకండి. కొన్ని పాలసీలు వాటిలో తగిలిన దెబ్బలకు ఇవ్వవు. ఇంకా, బిబ్ తీసుకోవడానికి చాలాచోట్ల మీరే పాస్‌పోర్టుతో వెళ్లాలి. ఆఖరి రోజు దాకా ఆగకండి.

నెమ్మది పరుగు

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు రాత్రులు ముందు, ఆరు రాత్రులు తర్వాత అని మా ఆయన్ని ఒప్పించాను, 23 వేల అడుగుల సంగతి చూపించాక ఇంకేమీ మాట్లాడలేదు. ముక్కు తుడిచిన కథ మాత్రం అత్తగారికి చదివి వినిపించాను. 'మీరెవరూ చూడకపోయినా నేను చూస్తాలే, నాకో మడత కుర్చీ ఇవ్వండి చాలు' అన్నారు. ఇప్పుడు అది ఏ బ్యాగులో పడుతుందో చూస్తున్నాం.