సమస్యాపూరణం: "నీరు గురియ గూట నిప్పు రగిలె"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీరు పూరించాలి. 5 సూర్యగణాలు (మూడేసి మాత్రలవి), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) నీ-ని. వస్తువు మాత్రం ఒకటే: వానలో పిల్లలకు మేత పెట్టే తోటపిట్టలు. పిడుగు పడి గూడు కాలిందని ఎవరూ రాయకండి, ఆ దారి మూసేశాను.

తోటమాలి:

పురుగులన్ని దాఁగెఁ బొదలచాటున నక్కి
తల్లి ముక్కు రిత్త తడిసి వచ్చె
ఎఱ్ఱనోళ్లు దెఱచి యెలుగెత్తెఁ గూనలు
నీరు గురియ గూట నిప్పు రగిలె

పాతకలం: తోటమాలి గారూ, "తల్లి ముక్కు రిత్త" చాలా బాగుంది. "వచ్చె" తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి "వచ్చె / నెఱ్ఱనోళ్లు" అనండి. అచ్చుతోనే యతి గనుక చెడదు. నిప్పంటే ఆకలి అన్నది మాత్రం అందరికీ ముందు తట్టేదే. ఇంకో మాట, వానకు పురుగులన్నీ దాగవు. ఎగిరేవి తగ్గుతాయి, గొంగళ్లు ఆకుల అడుక్కు చేరతాయి, వానపాములు మాత్రం నేలమీదికొస్తాయి. గోరింకలకు అది పండగే.

తోటమాలి: సవరించుకుంటాను గురువుగారూ. నేను చూసింది పికిలిపిట్టను (బుల్‌బుల్), జడివానలో. నాలుగుసార్లు వట్టి ముక్కుతోనే వచ్చింది. ఐదోసారికి చిన్న పచ్చపురుగు.

కిటికీపక్క: నాకు నిప్పు అంటే వెచ్చదనం అనిపించింది.

ఈఁక మొలవనట్టి యీ చిన్ని పిల్లలన్
దల్లి రెక్క విప్పి దాఁచి కప్పెఁ
గుంపటయ్యె నెదయె కూనల కెల్లను
నీరు గురియ గూట నిప్పు రగిలె

నిర్వాహకుడు: కుంపటి రాగానే సమస్య విడిపోయింది! ఈకలు రాని పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. తల్లి కప్పుకుని కూర్చుంటే మేత ఉండదు, మేతకు వెళ్తే పిల్లలు చల్లబడతాయి. ఈ ఇరకాటం మీ పద్యంలో ఇంకాస్త కనబడితే బాగుండేది. "కెల్లను" పాదం నింపడానికే ఉంది.

పాతకలం: "కుంపటి" చివరి ఇకారానికి సంధి చెల్లదు. "కుంపటి యగు నెదయె" అంటే గణాలూ నిలుస్తాయి.

కిటికీపక్క: అయ్యో, నిజమే. ధన్యవాదాలండీ. "కెల్లను" ఇంకా తొలగించలేకపోతున్నాను.

పాతకలం: తప్పులు పట్టి ఊరుకుంటే బాగుండదు, నాదీ ఒకటి.

పికిలిపిట్ట ముక్కు బిగఁబట్టు పురువును
గన్న బిడ్డలెల్లఁ గదలి లేచి
కెంపు నోళ్లు విప్పఁ గెరలు మంటలలీల
నీరు గురియ గూట నిప్పు రగిలె

నిర్వాహకుడు: "గన్న బిడ్డలు": పురుగును చూసినవీ, పిట్ట కన్నవీ! ఆ నోటి రంగు చూసే తల్లికి మేత పెట్టాలనిపిస్తుంది కనుక మంట పోలిక ఊరికే వచ్చింది కాదు. అయితే మీ పద్యంలో వాన ఎక్కడండీ? మూడు పాదాల్లో ఒక్క చుక్క లేదు.

పాతకలం: దొరికిపోయాను. "పికిలి తడిసి ముక్కు బిగఁబట్టు పురువును" అంటే?

తోటమాలి: "తడిసి" నా పద్యంలోదండీ!

పాతకలం: అప్పిచ్చారనుకోండి.