సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం చెప్పాలె): రాత్రివేళఁ జెట్టు రవినిఁ దినెను

నిర్వాహకుడు: పొద్దుమూకినంక తట్టింది, పెడుతున్నా. పై పాదాల్లో ప్రశ్నలడిగి, ఇందులోని మాటలను వరుసగా జవాబులు చేసే క్రమాలంకారంతో తప్పించుకోవద్దు.

పాలమూరు పంతులు:
పగలు పట్టె నెండఁ బత్రహరితమందు
పిండి గాఁగ మార్చి పెట్టె నాకు
అదియె కరఁగి తీపి యాహార మగుటచే
రాత్రివేళఁ జెట్టు రవినిఁ దినెను

దేవరకొండ బత్తాయి: "పెట్టె నాకు" అంటే ఆకు పెట్టిందనా, మీకే పెట్టిందనా పంతులు గారూ? శ్లేష బాగుంది. పిండి రాత్రిపూటే కరుగుతుందనడానికి రుజువేది?

పాలమూరు పంతులు: చిక్కుడాకు సాయంత్రం ఒకటి, తెల్లారకముందు ఒకటి తెంపండి. మరిగే నీళ్ళలో నిమిషం ముంచి, స్పిరిట్‌లో పచ్చదనం పోయేదాకా ఉడికించి, కడిగి, అయొడిన్ చుక్కలు వేయండి. సాయంత్రం ఆకు నల్లనీలమైతది, తెల్లారుజాముది దాదాపు అయొడిన్ రంగులోనే ఉంటది. స్పిరిట్ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టాలె, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటది. ఉల్లికాడతో చేసి నన్ను తిట్టొద్దు, అది ఆకులో పిండి దాయదు.

దేవరకొండ బత్తాయి: సరే, ఇది చూడండి.
పుల్లనయ్యె నాకు ప్రొద్దున రణపాల
చప్పనయ్యె నెండ సాగినంత
ఆమ్లమందు దాచె నంగారవాయువు
రాత్రివేళఁ జెట్టు రవినిఁ దినెను

నకిరేకల్ లఘువు: "నాకు" పక్కన "ప్రొ" పడింది. "కు" గురువైంది, గణభంగం.

దేవరకొండ బత్తాయి: ప్రొద్దు తెలుగుమాట, పైగా వేరే పదం. "కు" లఘువే. మీ పేరుకైనా న్యాయం చేయండి.

పాలమూరు పంతులు: గణం సరే, అర్థం సంగతేంది? రణపాల రాత్రి ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని అంగారవాయువును, అంటే బొగ్గుపులుసు వాయువును, మాలిక్ ఆమ్లంగా దాస్తది. పగలు తడి పోకుండ రంధ్రాలు మూసుకొని, ఆమ్లాన్ని విడగొట్టి, ఎండతో చక్కెర చేస్తది. అంటే రాత్రి తిన్నది గాలినే, రవిని గాదు. సమస్య అట్లనే ఉంది. మూడో పాదం ఇట్ల మార్చండి: "గాలిఁ దినఁగఁ జూచి కవియొకం డిట్లనె".

నకిరేకల్ లఘువు: ఆహా! ఆ కవి ఎవరో అందరికీ తెలిసింది.

దేవరకొండ బత్తాయి: ఆమ్లం తీసేస్తే పులుపెక్కడిది? ఆ పులుపును వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైనె మన దేశంలోనే కొరికి చూసి రాసిండు, 1815లో అచ్చయింది. అయినా పోయినవారం పద్యంలో ప్రాణవాయువును బొగ్గుపులుసు వాయువులోంచి పుట్టించిన మీరా చెప్పేది! నీళ్ళు విరిగితేనే అది వస్తదని 1941లోనే శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్‌లు బరువు ఆక్సిజన్‌తో (మామూలు దానికంటే బరువైన ఆక్సిజన్ రకంతో) తేల్చిండ్రు.

పాలమూరు పంతులు: అక్కడ నీరు పెడితే యతి చెడేది.

నిర్వాహకుడు: యతి కోసం నీళ్ళు ఆపితే చెట్టు ఎండుతది సార్. బత్తాయి గారూ, మూడో పాదం రేపటికి.