ముఖానికి పదికి ఇన్ని మార్కులని వేయడం కుదిరే పనేనా?

తూర్పుగాలి:
మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. ఫోటో పెడితే ముఖానికి మార్కులిచ్చే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుంది. పదికి 5.8 వచ్చిందట. మూడు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఏమన్నా అంటే "అది సైన్సు ప్రకారమే ఇస్తుంది పిన్నీ" అంటోంది. నిజంగా ఇది సైన్సేనా? తెలిసినవాళ్లు చెప్పండి, దానికి చూపిస్తాను.

లెక్కలమాస్టారు:
సైన్సు లేదని మాత్రం అనలేమండి. 1990లో అమెరికాలో లాంగ్లోయిస్, రాగ్‌మన్ అనే పరిశోధకులు 32 ముఖాల దాకా కంప్యూటర్లో కలిపి సగటు ముఖాలు తయారుచేశారు. విడివిడి ముఖాల్లో చాలావాటికన్నా ఆ సగటు ముఖాలే బాగున్నాయని చూసినవాళ్లు చెప్పారు. అంతకుముందు 1987లో లాంగ్లోయిస్ బృందం నెలల పిల్లలకు ఫోటోలు చూపించింది. పెద్దవాళ్లు అందంగా ఉందన్న ముఖాన్నే వాళ్లూ ఎక్కువసేపు చూశారు. సినిమా అంటే ఏమిటో తెలియని పసివాళ్లలో ఉన్నదాన్ని ఉత్త భ్రమ అని ఎలా కొట్టిపారేస్తాం?

చామనఛాయ:
మాస్టారూ, ఆ ప్రయోగాలను నేను కాదనను. కానీ అవి పట్టుకునేది నలుగురూ ఒప్పుకునే భాగాన్నే. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 547 జతల ఒకే పోలిక కవలలకు, 214 జతల మామూలు కవలలకు ముఖాలు చూపించి మార్కులు వేయమన్నారు. ఎవరికి ఏ ముఖం నచ్చుతుందన్న తేడా ఎక్కువగా పుట్టుకతో వచ్చింది కాదని, ఎవరి జీవితానుభవం నుంచి వాళ్లకు వచ్చిందని తేలింది. ఇద్దరు మనుషుల ఇష్టాలు కలిసేది సుమారు సగమే.

ఇక యంత్రం సంగతి. ఇలాంటి యంత్రాలకు నేర్పడానికి చైనాలో 5,500 ముఖాల ఫోటోలు పోగుచేసి 2018లో బయటపెట్టారు. 4,000 ఆసియావాళ్లవి, 1,500 తెల్లవాళ్లవి. ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసింది 60 మంది. వాటితో నేర్చుకున్న యంత్రం మనకు చెప్పేది ఆ 60 మందికి ఏమనిపించిందన్నదే. 2016లో యంత్రాలే జడ్జీలుగా ఒక అందాల పోటీ పెడితే వందకు పైగా దేశాలవాళ్లు ఫోటోలు పంపారు. 44 మంది విజేతల్లో దాదాపు అందరూ తెల్లవాళ్లే, నల్లని ఛాయ ఉన్నది ఒక్కరే.

నా పెళ్లిచూపుల్లో "పిల్ల కాస్త రంగు తక్కువ" అన్నారు. ఆ మాట ఎవరన్నారో నాకు తెలుసు కాబట్టి పట్టించుకోకుండా ఉండగలిగాను. అదే మాట పాయింటు పెట్టి అంకెగా వస్తే ఆ అమ్మాయి ఎవరితో వాదిస్తుంది? నా బాధంతా అదే.

ఫోటోల బాబాయ్:
ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాను. అమ్మా తూర్పుగాలీ, పాప పెట్టింది సెల్ఫీయేనా? అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ఐదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా పెద్దగా కనిపించదు. అదే ముఖం, చెయ్యి చాచిన దూరాన్నిబట్టి మారిపోతుంది.

తూర్పుగాలి:
సెల్ఫీయే బాబాయ్ గారూ. ఈ సాయంత్రం దాన్ని మేడమీద నిలబెట్టి దూరం నుంచి నేనే తీస్తాను.

లెక్కలమాస్టారు:
ఒక్క ఫోటోకి ఒక్క అంకె వేయడం తప్పేనని ఒప్పుకుంటున్నాను. కానీ చామనఛాయ గారూ, ఇష్టాలు సగం కలుస్తాయని మీరే అన్నారు. ఎక్కడెక్కడో పుట్టినవాళ్ల మధ్య ఆ సగమైనా ఎందుకు కలుస్తోంది? నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది.