మందులకు లొంగని క్షయ: తప్పంతా మాత్రలు మానేసిన రోగిదేనా?

నాగావళి:
మందులకు లొంగని క్షయ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకే తీర్పు వినిపిస్తుంది. రోగి మధ్యలో మాత్రలు ఆపేశాడు, క్రిమి మొండికేసింది అంటారు. చాలామంది విషయంలో ఈ తీర్పు అన్యాయమని నా వాదన.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్ రాష్ట్రంలో తుగేలా ఫెర్రీ అనే చిన్న ఊరుంది. 2005-06లో అక్కడ 53 మందిలో దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ బయటపడింది. వారిలో 52 మంది చనిపోయారు. సగానికి పైగా రోగులు అంతకుముందు ఎన్నడూ క్షయ మందులు వాడలేదు. 46 మంది క్రిములను జన్యుపరంగా పోల్చితే 39 ఒకే కుటుంబానివని తేలింది. అసలు మాత్రే మింగని మనిషి మాత్రలు మానేయడం ఎలా సాధ్యం?

మంజీర:
నాగావళి గారూ, మందులు ఇంటింటికీ చేర్చేవాళ్ల మాట కూడా వినండి. క్షయ క్రిమి పక్క క్రిమి నుంచి నిరోధక జన్యువును, అంటే మందును తట్టుకునే జన్యువును, అరువు తెచ్చుకోదు. దాని మార్పులన్నీ సొంత క్రోమోజోములో పుట్టేవే. అంటే ప్రతి మొండి రకం వెనుకా, ఎప్పుడో ఎవరి ఒంట్లోనో మందు చాలకపోయిన చరిత్ర ఉంటుంది. దగ్గు తగ్గి, ఆకలి పుట్టగానే రెండో నెలలోనే మందులు వదిలి కూలికి వెళ్లిపోయేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ల తప్పేమీ లేదని ఇక్కడ రాస్తే, సరిగా వేసుకుంటున్నవాళ్లు కూడా వదిలేస్తారు.

ఇంకో సందేహం. నిరోధకత వచ్చిన క్రిమి బలహీనపడుతుందని మాకు శిక్షణలో చెప్పారు. మరి అంతమందికి ఎలా పాకుతుంది?

పెన్న:
ఆ బలహీనత మాట 1950ల నాటిది. ఐసోనియాజిడ్ అనే క్షయ మందుకు లొంగని కొన్ని రకాలు గినీ పందుల్లో పెద్దగా జబ్బు చేయలేదు, దాంతో అలా అనుకున్నారు. అన్ని మార్పులూ ఒకటి కావు. ఐసోనియాజిడ్ దానంతట అది క్రిమిని చంపదు. క్రిమిలోని కాట్‌జీ ఎంజైమే దాన్ని విషంగా మారుస్తుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు మొత్తం పోతే మందు పనిచేయదు, క్రిమికీ రక్షణ తగ్గుతుంది. కానీ ఆ ఎంజైమ్‌లో 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే, మందును విషంగా మార్చడం దాదాపు ఆగిపోతుంది, ఎంజైమ్ తన సొంత పని మాత్రం చేసుకుపోతుంది. ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఈ మార్పే. రిఫాంపిసిన్ అనే మరో క్షయ మందుకు నిరోధకతతో వచ్చే నష్టాన్ని కూడా ఆర్‌పీఓసీ అనే మరో జన్యువులోని మార్పులు పూడ్చగలవు. మంజీర గారికి శిక్షణలో చెప్పిన బలహీనత ఇలాంటి క్రిముల్లో మిగలదు.

నాగావళి:
మంజీర గారు చెప్పిన ‘మందు చాలకపోయిన చరిత్ర’ను క్రిమి జీనోమ్‌లో, అంటే దాని మొత్తం జన్యు లిపిలో, చదివి చూశారు. క్షయ క్రిమి జీనోమ్ పొడవు 44 లక్షల అక్షరాలు. ఏడాదికి సగటున అర అక్షరం మాత్రమే మారుతుంది. కాబట్టి ఇద్దరి క్రిముల మధ్య నాలుగైదు అక్షరాలే తేడా ఉంటే, ఆ జబ్బు ఒకరి నుంచి మరొకరికి నేరుగానో ఒకరిద్దరి ద్వారానో చేరిందని చెప్పవచ్చు.

క్వాజులు-నాటల్ నుంచి సేకరించిన 337 నమూనాలపై 2015లో అధ్యయనం వచ్చింది. తుగేలా ఫెర్రీ క్రిమి పూర్వీకులకు కాట్‌జీ మార్పు 1950ల చివర్లోనే వచ్చిందని అందులో లెక్కగట్టారు. ఐసోనియాజిడ్ వాడకం మొదలైందే 1952లో! ఆ తర్వాత ఒక్కో మందుకూ ఒక్కో మార్పు చేరుతూ, 1990ల మధ్యకే అది పూర్తి మొండి రకమైంది. ఆసుపత్రి దాన్ని గుర్తించడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ అది కిక్కిరిసిన వార్డుల్లో, హెచ్‌ఐవీ ఉన్నవారి మధ్య పాకింది. అదే రాష్ట్రంలో 2011-14 మధ్య ఇలాంటి క్షయ ఉన్న 404 మందిని పరిశీలిస్తే, 280 మంది, అంటే 69 శాతం, అంతకుముందు మొండి క్షయకు చికిత్సే తీసుకోలేదు.

ఎవరో 1957 ప్రాంతంలో మాత్రలు ఆపి ఉండవచ్చు. 2005లో చనిపోయినవారికి దానితో ఏం సంబంధం?

పెన్న:
పరీక్షకూ ఇందులో భాగం ఉంది. కఫాన్ని పరీక్షించే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం క్రిమిలోని ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 అక్షరాల ముక్కను మాత్రమే చూస్తుంది. రిఫాంపిసిన్ నిరోధకతను తెచ్చే మార్పుల్లో అత్యధికం అక్కడే ఉంటాయి. కానీ దక్షిణాఫ్రికా పక్కనే ఉన్న ఎస్వాతినీ దేశంలో 2009 నాటి జాతీయ సర్వేలో దొరికిన మొండి రకాల్లో 30 శాతానికి ఆ ముక్క అవతల, 491వ స్థానంలో మార్పు ఉంది. యంత్రం ‘మందుకు లొంగుతుంది’ అని చెబుతుంది. రోగి నెలల తరబడి పనిచేయని మాత్రలు వేసుకుంటాడు, జబ్బు తగ్గదు. అప్పుడు ఆ మనిషిని అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? సరిగా వేసుకుంటున్నావా అనే. నాకు కోపం తెప్పించేది ఇదే.

మంజీర:
కోపం న్యాయమే. ఇకమీద ఆ ప్రశ్న వేసే ముందు కఫం మళ్లీ పంపమని అడుగుతాను. కానీ నా ఆందోళన మొండి క్షయకు వాడే బెడాక్విలిన్ అనే మందు గురించి. నాలుగు మందుల ఆరు నెలల కొత్త చికిత్సకు 2024 సెప్టెంబరులో మన దేశంలో అనుమతి వచ్చింది, దానికి వెన్నెముక ఆ మందే. దాని విషయంలో మనం ఇప్పుడు 1957లో ఉన్నాం. కొత్త మార్పులు పుట్టేది ఇప్పుడే. ఇప్పుడు పర్యవేక్షణ సడలిస్తే, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో మన తప్పును జీనోమ్‌లో చదువుతారు.

పెన్న:
నిజమే, ఆ మార్పు ఒకే దెబ్బకు రెండు మందులను కొడుతుంది కూడా. ఆర్‌వీ0678 అనే జన్యువు చెడితే, మందును బయటకు తోసే వ్యవస్థకు పగ్గాలు ఉండవు. బెడాక్విలిన్‌తోపాటు క్లోఫాజిమిన్ అనే మరో మందు కూడా బలహీనపడుతుంది. అయితే ఈ రెండు మందులూ ఎన్నడూ వాడనివారి క్రిముల్లోనూ ఆ మార్పులు కనిపించాయి. పర్యవేక్షణ ఒక్కటే దీన్ని ఆపలేదు.

నాగావళి:
మంజీర గారూ, పర్యవేక్షణ సడలించమని నేను అనడం లేదు. పోయిన కూలి డబ్బులు, ఒంటికి పడని మాత్రలు, సమయానికి రాని సరుకు, వీటన్నిటి మధ్య మందు వేసుకుంటున్న మనిషిని ముందే దోషిని చేయవద్దంటున్నాను. బెడాక్విలిన్ మొదలుపెట్టే ముందే దాని నిరోధకత పరీక్ష ప్రతి జిల్లాకూ అందాలి. ఛాతీ జబ్బుల ఓపీ వరండాల్లో దగ్గేవాళ్లనూ హెచ్‌ఐవీ మందులకు వచ్చేవాళ్లనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం మానాలి. ఈ రెండింటి గురించీ మీ సమావేశాల్లో ఎప్పుడైనా చర్చించారా?

మంజీర:
బెంచీల గురించి చర్చించాం, ఒకచోట మార్చాం కూడా. పరీక్ష గురించి ఇంకా లేదు. వచ్చే సమావేశంలో అడుగుతాను. మాత్రల లెక్క మాత్రం రోజూ అడుగుతూనే ఉంటాను.