గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన ఊరు: గిఫ్ట్ డీడ్‌లో ఏ పరిధి రాయాలి? (2025 డిసెంబర్ నాటి చర్చ)

మూడోగల్లీ: పొద్దున్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. అమ్మ ఇల్లు నా పేరుకు గిఫ్ట్ డీడ్ చేయించుకోవాలి. మా ఊరు ఈమధ్యే గ్రేటర్‌లో కలిసింది కాబట్టి డాక్యుమెంట్ రైటరేమో జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) అని రాయాలంటాడు. పన్ను రసీదు మీద మున్సిపాలిటీ అని ఉంది. పాత కాగితాల్లో ఇంకోటి. ఊరు కలిసినందుకు మనం ఎక్కడైనా అర్జీ పెట్టాలా? బల్దియా (జీహెచ్ఎంసీ) సైట్‌లో పన్ను నంబర్ కొడితే వివరాలు లేవంటోంది.

చెరువుగట్టు: ఏ ఊరు?

పాత కాలనీ: 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ చేసినప్పుడూ ఇంతే. మాది అప్పుడు కలిసిన కాలనీయే. పన్ను పరుగెత్తుకుంటూ వచ్చింది, డ్రైనేజీ తాపీగా వచ్చింది. ఇప్పుడు ఒకేసారి 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు కలిపారు. తొందరెందుకంటే జనగణన! అది అయ్యేదాకా 2025 డిసెంబర్ 31 తర్వాత సరిహద్దులు ముట్టుకోవడానికి లేదు.

చెరువుగట్టు: ఆయన డ్రైనేజీ అడగలేదు.

ప్లాటు 88: ముందు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ) సంగతి తేల్చుకోండి. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టరైందా లేదా?

మూడోగల్లీ: ప్లాటు కాదండీ, ఇల్లు. గ్రామకంఠంలో (ఊరి పాత నివాస స్థలంలో) ఉంది, తాతయ్య అమ్మకు రిజిస్టర్ చేసిచ్చాడు. ఘట్‌కేసర్ పక్క పల్లె.

రిటైర్డ్ యూడీసీ: ఈ ముక్క మొదట్లోనే చెప్తే పోయేది కదా బాబూ. మీ ఊరు రెండు గెంతులు వేసింది. 2024 సెప్టెంబర్‌లో 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపారు. మీది అప్పుడే ఘట్‌కేసర్‌లో చేరి ఉంటుంది, ఇప్పుడు దానితోపాటు గ్రేటర్‌కు వచ్చింది. మీరు అర్జీ పెట్టేదేమీ లేదు. గెజిట్ ఇవ్వడం ప్రభుత్వం పని, దాంతోనే పరిధి మారిపోతుంది. డీడ్‌లో ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్‌లో ‘జీహెచ్ఎంసీ పరిధి, పూర్వం ఘట్‌కేసర్ మున్సిపాలిటీ, అంతకుముందు ఫలానా గ్రామ పంచాయతీ’ అని వరసగా రాయించండి. ఇంటి నంబరు, హద్దులు మాత్రం లింక్ డాక్యుమెంట్‌లో, అంటే తాతగారు చేసిచ్చిన పాత దస్తావేజులో, ఎలా ఉంటే అలాగే దించాలి. సొంత తెలివి వద్దు. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా తాతగారి డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం కొట్టి తీయండి.

పాత కాలనీ: బల్దియా సైట్‌లో పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు నంబర్) కొట్టాలి కదా?

మూడోగల్లీ: రసీదు మీద అసెస్‌మెంట్ నంబర్ అని ఉంది.

పాత కాలనీ: రెండూ ఒకటే.

చెరువుగట్టు: ఒకటి కాదు. పీటీఐఎన్ గ్రేటర్‌ది. మున్సిపాలిటీల నంబర్లు సీడీఎంఏ (రాష్ట్ర పురపాలక శాఖ కమిషనర్ కార్యాలయం) సైట్‌లోవి. అందుకే దొరకట్లేదు.

పాత కాలనీ: పన్ను ఒకటే కదా, పేరేదైతేనేం.

చెరువుగట్టు: కంప్యూటర్‌కు చెప్పండి ఆ మాట.

ప్లాటు 88: మరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కూడా మారుతుందా?

రిటైర్డ్ యూడీసీ: అది రిజిస్ట్రేషన్ శాఖ చూసుకుంటుంది, బల్దియా గీతతో దానికి పని లేదు. వాళ్లు విడిగా మార్చేదాకా పాత ఆఫీసే.

మూడోగల్లీ: సీడీఎంఏలో దొరికింది. రిజిస్ట్రేషన్ స్లాట్ సోమవారానికి తీసుకున్నా. థాంక్స్ అన్నా.

కిరాణా కొట్టు: మాది తుర్కయంజాల్, అదీ ఇప్పుడే గ్రేటర్‌లో కలిసింది. ట్రేడ్ లైసెన్స్ మార్చి దాకా ఉంది, మళ్లీ కొత్తగా తీసుకోవాలా?

పాత కాలనీ: 2007లో అయితే ఏమైందంటే...