ఓడ్‌ను తెలుగులో ఏమనాలి? కాస్త చెప్పండి

ఆంగ్ల కవి కీట్స్ నైటింగేల్ అనే పిట్ట మీద 1819లో రాసిన ఓడ్‌ను (ఓడ్ అంటే ఒక కవితా ప్రక్రియ) సరదాకి తెలుగులోకి తెస్తున్నాను. ఎనిమిది చరణాలు, ఒక్కోటి పది పాదాలు. అదంతా ఒక కొలిక్కి వచ్చింది కానీ శీర్షిక దగ్గరే ఆగిపోయాను.

ఓడ్ అనే మాట గ్రీకులో 'పాట' అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు కవి పిండార్ ఒలింపిక్స్ లాంటి పోటీల్లో గెలిచినవాళ్ల మీద ఇవి రాస్తే, బృందం నాట్యం చేస్తూ పాడేదట. ఒకే అచ్చులో రెండు చరణాలు, తర్వాత వేరే నడకలో మూడోది. రోమన్ కవి హోరేస్ దగ్గరికి వచ్చేసరికి ఆ హడావుడి తగ్గి, స్నేహితుడితో మాట్లాడినట్టు ఉంటుంది. కీట్స్‌లో బృందమూ లేదు, విజేతా లేడు, పిట్టతో ఒంటరి మాటలే. మరి దీన్నీ ఓడ్ అనే ఎందుకంటారు? సంబోధన ఉంటే చాలా?

'స్తుతి' అంటే గుడి గుర్తొస్తోంది. 'గేయం' మరీ వదులుగా ఉంది. ఉదాహరణం అనే పాత తెలుగు ప్రక్రియ ఉంది; పాల్కురికి సోమనాథుడి బసవోదాహరణంలో ప్రతి విభక్తికీ ఒక పద్యం, తర్వాత కళిక, ఉత్కళిక అనే పాటలాంటి రెండు భాగాలు వస్తాయి కదా, పిండార్ మూడు ముక్కల పద్ధతికి అదే దగ్గరేమో అనిపించింది. కానీ 'ఉదాహరణం' అని పెడితే ఇప్పటివాళ్లు లెక్కల పుస్తకం అనుకుంటారు! అనువాదాలు చేసినవాళ్లెవరైనా ఉంటే, మీరైతే ఏ మాట వాడతారు?