1969 కమారో కోపో 9561: నిజంగా తయారైనవి ఎన్ని?

ఈ లెక్కలతో కుస్తీ పట్టినవారు కాస్త దారి చూపండి. (కోపో అంటే షెవర్లే సెంట్రల్ ఆఫీసు ద్వారా వేసే ప్రత్యేక ఫ్యాక్టరీ ఆర్డరు, 9560, 9561 ఆ ఆర్డర్ల నంబర్లు.) అల్యూమినియం బ్లాకు జడ్‌ఎల్1 ఇంజిన్ ఉన్న కార్లు (కోపో 9560) 69 అన్నదానిపై పేచీ లేదు. చిక్కంతా ఇనుప బ్లాకు ఎల్72 (427 క్యూబిక్ అంగుళాల ఇంజిన్) ఉన్న 9561తోనే. అందరూ వల్లించే 1,015 (మాన్యువల్ 822, ఆటోమేటిక్ 193) ఇంజిన్ ప్లాంటు లెక్క. ఇంజిన్లన్నీ కార్లలోకే వెళ్లాయనడానికి ఆధారమేది?

విన్‌లో (కారు గుర్తింపు సంఖ్యలో) 12437 అంటే వి8 కమారో అని మాత్రమే తెలుస్తుంది. షెవర్లే విన్‌లో ఇంజిన్ అక్షరం 1972లోగానీ రాలేదు. కౌల్ ట్యాగూ (బాడీకి బిగించిన వివరాల రేకు) ఇంజిన్ సంగతి చెప్పదు. మిగిలింది ఇంజిన్ బ్లాకు ప్యాడ్ (కోడ్ ముద్ర కొట్టే చదునైన చోటు) మీది ఎంఎన్ (మాన్యువల్), ఎంఓ (ఆటోమేటిక్) ముద్రలు. వాటిని అరగదీసి మళ్లీ కొట్టేస్తారు, అందుకే ప్యాడ్ మీద ఫ్యాక్టరీ గీతలు చెరగని కార్లనే, బీఈ కోడ్ ఉన్న 4.10 నిష్పత్తి వెనక యాక్సిల్ తేదీతో సరిపోల్చి, లెక్కలోకి తీసుకోవాలనుకుంటున్నాను.

ఇలా తేలిన కార్ల జాబితాలు వేర్వేరుగా రెండు తీసుకుని, రెండింట్లోనూ కనిపించే కార్లను బట్టి మొత్తం అంచనా కడితే వచ్చేది మిగిలిన కార్ల సంఖ్యే, తయారైనవి కాదు. పైగా వేలాల్లో తిరిగే కార్లే రెండింట్లోనూ ఉంటాయి కాబట్టి అదీ తక్కువే వస్తుంది.

కార్లలోకి వెళ్లని విడి ఇంజిన్లను 1,015లోంచి తీసేయడానికి పద్ధతేమైనా ఉందా? కెనడాలో అమ్మిన కార్లకు జీఎం కెనడా రికార్డులు ఉన్నాయి కదా, వాటిలో 9561ల నిష్పత్తిని అమెరికా కార్లకు వర్తింపజేయవచ్చా?